రూఫ్‌టాప్ టెంట్‌లో హాయిగా, భయం లేకుండా పడుకోవాలంటే

బండి పైకప్పు మీద బిగించి, ఆగిన చోట విప్పి పడుకునే రూఫ్‌టాప్ టెంట్ గురించి ఎవరు అడిగినా మాట ముందు పరుపు మీదికే పోతుంది. ఎంత మందం ఉంటుంది, నడుము పట్టేస్తుందా, పిల్లలకు సరిపోతుందా అని. నాకు నడుము నొప్పి ఉంది కాబట్టి ఆ ప్రశ్నలు ఎందుకు వస్తాయో బాగా తెలుసు. అయితే గాలికి బండి కాస్త ఊగినప్పుడల్లా "కింద బోల్టులు సరిగ్గా ఉన్నాయా" అని అనుమానం పుడితే ఎంత మంచి పరుపు మీదైనా కన్ను మూతపడదు. అందుకే సౌకర్యం, భద్రత రెండూ ఒకే పని అనుకుని మొదలుపెడతాను. మా టెంట్‌లో నేను, మా ఆయన, మా చిన్నాడు పడుకుంటాం. బిగించడం, విప్పడం, ఎండబెట్టడం నా వంతు. ఆ పని చేస్తూ పట్టుబడినవే ఇక్కడ రాస్తున్నాను.

బరువు లెక్క

బండి పైకప్పు మోయగల బరువు రెండు రకాలు. బండి నడుస్తున్నప్పుడు మోయగలిగేది ఒకటి, ఆగి ఉన్నప్పుడు మోయగలిగేది ఇంకొకటి. మొదటిదాన్ని డైనమిక్ లోడ్ అంటారు. బండితో వచ్చిన పుస్తకంలో మామూలుగా రాసి ఉండేది ఇదే. చాలా బండ్లకు అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. ఇద్దరు పడుకునే టెంటే 50 నుంచి 70 కిలోలు తూగుతుంది, పెద్దవైతే ఇంకా ఎక్కువ. దానికి క్రాస్ బార్ల, అంటే టెంట్‌ను మోయడానికి పైకప్పు మీద అడ్డంగా బిగించే కడ్డీల, బరువు కూడా కలపాలి. చాలామంది ఈ బార్లనే మర్చిపోతారు.

ఆగి ఉన్నప్పుడు పరిమితి దీనికి కొన్ని రెట్లు ఎక్కువగా ఉంటుంది. బ్రేకులు, మలుపులు, గుంతల వల్ల వచ్చే కుదుపు అప్పుడు ఉండదు కదా. మా లెక్క చెబుతాను: టెంట్ 60 కిలోలు, మా ఆయన 70, నేను 60, చిన్నాడు 22, దుప్పట్లు దిండ్లు 8. మొత్తం 220 కిలోలు. ఇంత బరువు పైకప్పుతో పాటు బార్లు, వాటిని పైకప్పుకు పట్టి ఉంచే పాదాలు కూడా మోయాలి. మూడింటిలో దేని పరిమితి తక్కువో అదే మనకు లెక్క. బార్ల మీద రాసిన అంకె పెద్దదని పైకప్పు అంకెను పక్కన పెట్టకూడదు. బండి పుస్తకంలో ఆగి ఉన్నప్పటి పరిమితి లేకపోతే తయారీదారును అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవడం మేలు. మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లయితే బార్ల తయారీదారు ఆఫ్‌రోడ్‌కు వేరే అంకె ఇచ్చాడేమో చూడండి. ఇస్తే అది మామూలు రోడ్డు అంకె కన్నా తక్కువే ఉంటుంది.

బోల్టులు

టెంట్ అడుగున రెండు లోహపు పట్టాలు ఉంటాయి. బోల్టు తల ఆ పట్టాలో కూర్చుంటుంది, క్రాస్ బార్ కింద ఒక ప్లేటు పెట్టి నట్టు బిగిస్తాం. ఇంత చిన్న అమరికే 60 కిలోల వస్తువును హైవే మీద పట్టి ఉంచుతుంది. అందుకే దీని మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు.

ఎంత బిగించాలో టెంట్ పుస్తకంలో టార్క్ అంకె, అంటే నట్టును ఎంత బలంతో తిప్పాలన్న కొలత, ఉంటుంది. టార్క్ రెంచ్ దొరికితే దానితోనే బిగించండి. పానాతో బలమంతా పెట్టి తిప్పితే అల్యూమినియం పట్టా నొక్కుకుపోతుంది, ఆ తర్వాత అది ఎప్పటికీ గట్టిగా పట్టదు. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా బిగిస్తే మరలు ఒకదానితో ఒకటి పట్టేసుకుని మధ్యలోనే ఇరుక్కుపోవచ్చు. మరల మీద కొంచెం యాంటీ సీజ్ పేస్ట్ రాస్తే ఆ బెడద ఉండదు. కాకపోతే పేస్ట్ రాసిన బోల్టు అదే టార్క్‌కు ఇంకా గట్టిగా బిగుస్తుంది, కాబట్టి పుస్తకంలోని అంకెను దాటి పోవద్దు. లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు విప్పిన ప్రతిసారీ కొంత పట్టు కోల్పోతాయి. టెంట్ దించి మళ్లీ ఎక్కించేటప్పుడు కొత్తవి వేయండి. వాటికయ్యే ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు.

బిగించాక నేను ప్రతి నట్టు మీదుగా ప్లేటు మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీస్తాను. నట్టు కొద్దిగా తిరిగినా గీత తెగినట్టు కనబడుతుంది. పానా తియ్యకుండా, టార్చి వేసి చూస్తే చాలు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి బండి ఆపి చూడాలి, ఎందుకంటే కొత్తగా బిగించినవి కుదురుకునేది అప్పుడే. గతుకుల రోడ్డు దాటిన ప్రతిసారీ మళ్లీ చూస్తాను.

దొంగల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తాళం ఉన్న సెక్యూరిటీ నట్లు దొరుకుతాయి, మామూలు పానాకు అవి లొంగవు. ఒక్కో పక్క కనీసం ఒకటి వేస్తే దొంగకు పని పెరుగుతుంది. కానీ టెంట్‌ను బార్లకు తాళం వేసి బార్లను బండికి వేయకపోతే, బార్లతో సహా టెంట్‌ను ఎత్తుకుపోవచ్చు. కాబట్టి బార్ల పాదాలకు తాళాలు ఉన్నాయో లేదో చూసుకోండి. తాళం చెవి ఒకటి బండిలో, ఇంకొకటి ఇంట్లో ఉండాలి.

టెంట్ మూసి ఉన్నప్పుడు నేల నుంచి పైదాకా టేపుతో కొలిచి, ఆ అంకెను సన్ వైజర్ మీద అంటించండి. మాది 2 మీటర్ల 15 సెంటీమీటర్లు. పార్కింగ్ గేటు ముందు ఆ అంకె గుర్తు రాక తడుముకోనక్కర్లేదు. నడిపేటప్పుడు బరువు పైన ఉందని మర్చిపోకూడదు. మలుపుల్లో వేగం తగ్గించాలి, ముందు బండికి ఎక్కువ దూరం ఇవ్వాలి, పక్కగాలి కొట్టే వంతెనల మీద స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. ఇంధనం ఎక్కువ తాగుతుంది, దానికి చేసేదేమీ లేదు.

ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి

చోటు ఎంచుకునేటప్పుడు ముందు తల ఎత్తి చూడండి. ఎండిన కొమ్మ ఉన్న చెట్టు కింద ఎంత నీడ ఉన్నా వద్దు. ఎండిపోయిన వాగు అడుగున చదునుగా, మెత్తగా ఉంటుంది, ఆశ పుడుతుంది. ఎగువన వాన పడితే మన దగ్గర చినుకు లేకుండానే నీళ్లు రావచ్చు కాబట్టి అక్కడ ఎప్పుడూ పడుకోవద్దు.

తర్వాత మట్టం. నా నడుముకు పరుపు కన్నా ముఖ్యమైంది ఇదే అని గట్టిగా చెప్పగలను. నేల పక్కకు కొంచెం వాలి ఉన్నా రాత్రంతా ఒంటి కండరాలు జారకుండా పట్టుకునే ఉంటాయి, పొద్దున్నే లేవలేం. ముగ్గురు పడుకుంటే పైవాళ్లు కిందివాళ్ల మీదికి జారుతుంటారు. తాపీమేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఒకటి బండిలో ఉంచుకోండి, లేదంటే ఫోన్‌లో అలాంటి యాప్ ఉంటుంది. టెంట్ విప్పక ముందే బండి లోపల చదునైన చోట పెట్టి చూసి, పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద చెక్కలు గానీ ప్లాస్టిక్ ర్యాంపులు గానీ పెట్టి బండిని వాటి మీదికి ఎక్కించాలి. పక్కవాలు పూర్తిగా పోవాలి. తల వైపు ఒక పిసరు ఎత్తుగా ఉంటే పర్వాలేదు, కాళ్లు ఎత్తుగా ఉంటే మాత్రం తల బరువెక్కుతుంది. జాకీతో బండి లేపి దాని మీద పడుకోవడం మాత్రం ప్రాణాపాయం. జాకీ టైరు మార్చడానికి మాత్రమే.

మట్టం కుదిరాక హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, చక్రాలకు అడ్డాలు పెట్టండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచాలి. మా ఆయన అడ్డాలు పెట్టి నాకు "అయింది" అని చెప్పేదాకా నిచ్చెన తియ్యను.

గాలి ఎటు నుంచి వస్తుందో చూసి, టెంట్ సన్నగా ఉండే వైపు గాలికి ఎదురుగా పెట్టాలి. తెరుచుకునే నోరు గాలికి ఎదురైతే టెంట్ గాలి నింపుకుని బండిని కూడా ఊపుతుంది. తాళ్లు ఇచ్చి ఉంటే గాలి లేని సాయంత్రం కూడా కట్టేయండి. అర్ధరాత్రి గాలి లేచాక చీకట్లో మేకులు కొట్టడం కష్టం.

నిచ్చెన

మడత విప్పే రకం టెంట్‌లో సగం నేల బండి బయటికి వస్తుంది. ఆ సగం బరువు మోసేది నిచ్చెనే. కనుక దాన్ని ఎక్కే సాధనంగానే కాదు, టెంట్ కాలుగా చూడాలి. 70 నుంచి 75 డిగ్రీల వాలు బాగుంటుంది. మరీ నిలువుగా ఉంటే దిగేటప్పుడు వెనక్కి పడతాం, మరీ వాలుగా ఉంటే అడుగు జారుతుంది. నేల పలక బండి మీద ఉన్న సగంతో సమంగా, మధ్యలో కుంగకుండా, పైకి లేవకుండా ఉందంటే నిచ్చెన పొడవు సరిపోయినట్టే.

సాగే నిచ్చెనలో ప్రతి మెట్టుకూ రెండు పక్కలా లాచీలు ఉంటాయి. రెండూ పడ్డాయో లేదో చేత్తో తాకి చూడండి, చప్పుడు విని వదిలెయ్యొద్దు. ఇసుకలోనో తడి మట్టిలోనో అయితే నిచ్చెన కాళ్ల కింద వెడల్పాటి చెక్క పెట్టాలి. సాయంత్రం గట్టిగా ఉన్న నేల రాత్రి వానకు మెత్తబడుతుంది. అప్పుడు నిచ్చెన దిగబడి నేల పలక వాలుతుంది.

సన్నటి అల్యూమినియం మెట్లు ఒట్టి కాళ్లకు కోసుకున్నట్టు ఉంటాయి. పైపులకు చుట్టే నురుగు గొట్టం ముక్కలు కోసి మెట్ల మీద తొడిగి, వాటి మీద జారని టేపు చుట్టాను. నిచ్చెన ముడిచేటప్పుడు అడ్డు రాకుండా అవి తీసేసేలా ఉండాలి. అడుగు మెట్టుకు మెరిసే టేపు అంటిస్తే, టార్చి వెలుగు పడగానే నేల ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపే ఉండాలి. చేతుల్లో ఏమీ పట్టుకోకూడదు. బాటిల్, దుప్పటి, ఫోన్ అన్నీ భుజానికి వేసుకునే సంచిలో పోతాయి. ఈ నియమం మా చిన్నాడికి ఎంతో మాకూ అంతే. వాడు గుమ్మానికి దూరంగా, మా ఇద్దరి అవతల పడుకుంటాడు. వాడు నిద్రపోయాక గుమ్మం జిప్పు పూర్తిగా వేసి ఉంటుంది. రాత్రి వాడికి బయటికి వెళ్లాల్సి వస్తే ముందు నేను దిగి కింద నిలబడతాను.

పరుపు, దాని అడుగున చెమ్మ

టెంట్‌తో వచ్చే పరుపు చాలావాటిలో 5 నుంచి 7 సెంటీమీటర్ల ఫోమ్. అది చాలో లేదో తెలుసుకోవడానికి దాని మీద పక్కకు తిరిగి పడుకోండి. తుంటి ఎముకకు పలక తగులుతుంటే చాలదు. దాన్ని తీసేసి ఖరీదైనది కొనే ముందు పైన 3 నుంచి 5 సెంటీమీటర్ల టాపర్ వేసి చూడండి. నాకు అదే సరిపోయింది. టాపర్‌తో టెంట్ మూతపడుతుందా అన్నది అసలు పరీక్ష. లాచీ వేయడానికి మోకాలితో తొక్కాల్సి వస్తే అతుకులు, కీళ్లు పాడవుతాయి. అలాంటప్పుడు గాలి తీసి చుట్టేసే రకం తీసుకుని బండిలో పెట్టుకోవడం మంచిది.

చలి విషయంలో చాలామంది దుప్పట్లు పెంచుతారు. చలి అడుగు నుంచే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే టెంట్ నేల కింద గాలి ఆడుతూనే ఉంటుంది. మన బరువుకు ఫోమ్ నొక్కుకుని పలచబడుతుంది కూడా. పరుపు కింద నీరు పీల్చని నురుగు చాప ఒకటి పరిస్తే మీద ఇంకో దుప్పటి వేసిన దానికన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది.

ఇక చెమ్మ. మనుషుల ఊపిరి నుంచి, ఒంటి నుంచి రాత్రంతా నీటి ఆవిరి వస్తూనే ఉంటుంది. అది చల్లగా ఉన్న గుడ్డ మీద, పలక మీద నీరుగా మారుతుంది. పొద్దున పైకప్పు తడిగా కనబడితే వాన కారిందని కంగారు పడతారు గానీ చాలాసార్లు అది మన ఊపిరే. కంటికి కనబడనిది ఇంకా చెడ్డది: పరుపు అడుగున పలక చల్లగా ఉంటుంది, ఫోమ్ గుండా దిగిన తేమ అక్కడ చేరి కొన్నాళ్లకు నల్లటి బూజు మచ్చలు పడతాయి. బూజు వచ్చిన పరుపు వాసన ఎంత ఉతికినా పూర్తిగా పోదు.

దీనికి రెండు మందులు. ఒకటి, పరుపుకూ పలకకూ మధ్య గాలి ఆడేలా 1 నుంచి 2 సెంటీమీటర్ల జాలీ చాప వేయడం. యాంటీ కండెన్సేషన్ మ్యాట్ పేరుతో అమ్ముతారు. రెండు, చలిగా ఉన్నా ఎదురెదురుగా రెండు కిటికీలు కొంచెం తెరిచి ఉంచడం. ఒక్కటే తెరిస్తే గాలి కదలదు. పై భాగంలో చిన్న వెంట్ ఉంటే దాన్ని ఎప్పుడూ మూయకండి, వెచ్చటి తేమ గాలి పోయేది అటే. తడి బట్టలు లోపల వేలాడదీయొద్దు. లేవగానే పరుపు ఒక పక్క ఎత్తి దిండు ఆనించి అరగంట వదిలేస్తే అడుగు ఆరుతుంది. నేను రోజూ చేస్తాను, వాతావరణం ఎలా ఉన్నా.

వేసవిలో ఇదే గాలి దారి ఉపయోగపడుతుంది. దోమతెర జిప్పులన్నీ వేశాకే దీపం వెలిగించండి, చిన్న యూఎస్‌బీ ఫ్యాను ఒక కిటికీ వైపు నుంచి ఊదేలా పెట్టండి. పవర్ బ్యాంక్ మీద నడిస్తే బండి బ్యాటరీ పొద్దునకు నిండుగానే ఉంటుంది.

మంట, పొగ

టెంట్ లోపల స్టవ్, బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ ఏదీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలో ఉన్న మనిషి లేవకుండానే పోతాడు. కిటికీ కొంచెం తెరిచాం కదా అన్న ధైర్యం పనికిరాదు. కింద ఏసీ కోసమో ఫోన్ చార్జింగ్ కోసమో ఇంజిన్ నడుపుతూ పైన పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం, పొగ మన దగ్గరికే లేస్తుంది. గొట్టంతో వెచ్చటి గాలి పంపే డీజిల్ హీటర్ వాడేవాళ్లు దాన్ని బయట పెట్టి, పొగ గొట్టాన్ని గాలి పోయే దిక్కుకు తిప్పాలి. తల దగ్గర బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే. తలనొప్పి, వికారం అనిపిస్తే కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా అందరినీ లేపి కిందికి దిగండి.

వాన, చప్పుడు

కొత్త టెంట్‌ను మొదటి ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర విప్పి పైపుతో బాగా తడపండి. కాటన్ కలిసిన కాన్వాస్ అయితే తడిసినప్పుడు దారాలు ఉబ్బి కుట్ల రంధ్రాలు పూడుకుంటాయి. రెండోసారి తడిపినా కారే చోట కుట్లను పూడ్చే సీమ్ సీలర్ రాయాలి. లోపలి గుడ్డకు పైకవరు తగలకుండా బిగువుగా ఉండాలి, తగిలిన చోటల్లా చెమ్మ దిగుతుంది. బిగువుగా ఉన్న కవరు గాలికి కొట్టుకోదు కూడా. రాత్రి నిద్ర చెడగొట్టే టపటప చప్పుడు ఎక్కువగా వదులు పట్టీలది, కవరు అంచులది. పడుకునే ముందు ఒకసారి చుట్టూ తిరిగి వేలాడుతున్న ప్రతి పట్టీని చుట్టి కట్టేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఉరుములు దగ్గరైతే టెంట్‌లో ఉండకండి. గుడ్డ, సన్నటి కడ్డీలు పిడుగు నుంచి కాపాడలేవు. లోహపు పైకప్పు ఉన్న బండి లోపల కూర్చుని అద్దాలు ఎత్తి, లోహాన్ని తాకకుండా ఉండడం చాలా నయం. విపరీతమైన గాలి వచ్చినా అంతే, దిగి బండిలోకి వెళ్లాలి. అందుకే సీట్ల మీద సామాను గుట్టలుగా పోయను. ముగ్గురికీ కూర్చునే చోటు రాత్రంతా ఖాళీగా ఉంటుంది.

రాత్రి భద్రత

తినేవి, చెత్త, సబ్బులు, వాసన ఉన్నవన్నీ బండిలో పెట్టి తాళం వేయండి. పైకి ఏదీ వద్దు, జంతువులకు వాసనే దారి. బండి తాళం చెవికి టెంట్ లోపల ఒకే జేబు కేటాయించండి. చీకట్లో వెతకకుండా చెయ్యి అక్కడికే పోవాలి. రిమోట్‌లో అలారం మీట ఉంటే బయట ఎవరైనా తచ్చాడినప్పుడు దిగకుండానే హారన్ మోగించవచ్చు. కొన్ని బండ్లలో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది, మనం పైన దొర్లినా మోగుతుంది. దాన్ని రాత్రికి ఆపే పద్ధతి బండి పుస్తకంలో చూసుకోండి.

టెంట్ విప్పి ఉన్న బండి కదలదు. ఎంత త్వరగా ముడవగలరో ఇంటి దగ్గరే చీకట్లో ఒకసారి చేసి చూడండి, ఎవరు ఏ పట్టీ పట్టాలో ముందే అనుకోండి. మా ఇంట్లో చిన్నాడికి టార్చి పట్టుకునే పని, వాడు ఆ పనిని చాలా శ్రద్ధగా చేస్తాడు.

తిరిగి వచ్చాక

తడిగా మూయాల్సి వస్తే 24 గంటల్లోపు మళ్లీ విప్పి ఆరబెట్టండి. పైన ఆరినట్టున్నా మడతల్లో, జిప్పు పక్కన, పరుపు మూలల్లో తేమ ఉంటుంది, అక్కడ అరచెయ్యి ఆనించి చూడాలి. జిప్పుల్లో ఇసుకను మెత్తటి బ్రష్‌తో దులిపి జిప్పుకు వాడే మైనం రాయండి. నెలల తరబడి వాడకపోతే టెంట్ దించేయడం మంచిది. బండికి బరువు తగ్గుతుంది, ఎండకు గుడ్డ పాడవదు. దించడానికి కనీసం నలుగురు ఉండాలి, మూలకొకరు. దించాక నేల మీద పెట్టకుండా చెక్కల మీద ఎత్తుగా పెట్టి, పరుపు తీసి విడిగా నిలబెట్టండి. ఎలుకలు తిరిగే చోటైతే టెంట్‌ను పట్టీలతో పైనుంచి వేలాడదీయాలి. తీసిన బోల్టులు, ప్లేట్లు, సెక్యూరిటీ నట్ల తాళం చెవి అన్నీ ఒకే డబ్బాలో వేసి, ఆ డబ్బాను టెంట్ పట్టీకే కట్టి ఉంచండి.